అమెరికాలో స్వాతంత్ర్యము - దాస్యము

ఉత్తర అమెరికా తూర్పుతీరమున వర్జీనియా అను ప్రాంతము కలదు. 1619వ సంవత్సరపు వేసవిలో అచ్చట రెండు సంఘటనలు జరిగెను. జూలై 30వ తేదీన జేమ్స్‌టౌను అను చిన్న ఊరిలో, కొయ్యతో కట్టిన చర్చిలో, అచ్చటి ఆంగ్లేయ వలసవారు ఎన్నుకొన్న ప్రతినిధులు సభ తీరిరి. పొగాకు ధర యెంత యుండవలెను, సోమరులను, జూదరులను, త్రాగుబోతులను ఎట్లు దండింపవలెను అను విషయములను చర్చించి చట్టములు చేసిరి. అమెరికా ఖండమున ఆంగ్లేయులు నెలకొల్పిన మొదటి ప్రతినిధి సభ అదియే. నెల దాటక మునుపే, ఆగస్టు నెలాఖరున, ఆ ఊరికి దిగువనున్న రేవున వైట్ లయన్ అను ఓడ వచ్చి ఆగెను. ఆఫ్రికాలోని అంగోలా నుండి పోర్చుగీసువారు చెఱపట్టి తీసికొనిపోవుచున్న నల్లవారిని ఈ ఓడవారు నడిసముద్రమున దోచుకొని తెచ్చిరి. అట్టివారిని ఇరువదిమందికి పైగా తీరమున దింపి, వారికి బదులుగా తిండిసామగ్రి నెక్కించుకొని పోయిరి.

తమ్ము తామే పాలించుకొనవలెనను కోరికయు, తోడిమానవుని కొని అమ్ము అలవాటును ఇట్లు ఒకే వేసవిలో ఒకే తీరమున అడుగిడినవి. తరువాతి రెండువందల యేబది యేండ్ల అమెరికా చరిత్రలో ఈ రెండును ఒకదాని నొకటి విడువక నడచెను.

ఆంగ్లేయులు వర్జీనియాకు వచ్చినది 1607లో. లండను వర్తకులు కొందరు కంపెనీగా ఏర్పడి, మొదటి జేమ్సు రాజు వద్ద పట్టా పొంది మూడు ఓడలను పంపిరి. మన దేశమునకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ వంటిదే ఇదియు. దానికన్న ఆరేండ్లు పిన్నది. వచ్చినవారు నూటనలుగురు. వారిలో నాగలి పట్టనెఱుగని పెద్దమనుష్యులు ఎక్కువ, సేద్యగాండ్రు తక్కువ. బంగారము దొరకునని వారి యాశ. దొరకినవి మాత్రము బురదనేల, ఉప్పునీరు, జ్వరములు. తరువాత మఱికొందరు వచ్చి చేరిరి గాని తిండిగింజలు చేరలేదు. 1609వ సంవత్సరపు చలికాలమున గుఱ్ఱములను, కుక్కలను, ఎలుకలను, తుదకు చెప్పుల తోలును గూడ తినవలసివచ్చెను. కోటలోని సుమారు మూడువందలమందిలో వసంతకాలమునకు ప్రాణములతో మిగిలినవారు అరువదిమంది.

ఆ ఊరిని నిలబెట్టినది పొగాకు. 1612 ప్రాంతమున జాన్ రోల్ఫ్ అనునతడు వెస్టిండియా దీవుల పొగాకు విత్తనములు తెప్పించి నాటెను. ఆ యాకు లండనులో మంచి ధరకు పోయెను. అంతట వీధులలో సయితము పొగాకు నాటిరని చెప్పుదురు. పొగాకు నేలసారమును త్వరగా పీల్చివేయును. దానికి ఏటేట క్రొత్తనేల కావలెను, నారు పోయుట మొదలు ఆకు ఆరవేయుట వఱకు చేతులు అనేకములు కావలెను. నేల ఆదివాసులది. చేతులు ఎవరివి? అమెరికా కథలో సగము ఈ ప్రశ్నకు వారు వెదకుకొన్న జవాబే.

1620లో మఱొక జట్టు వచ్చినది. వీరు లాభమున కంటె మతస్వేచ్ఛను ఎక్కువగా కోరినవారు. ఇంగ్లండు రాజు చర్చికి లోబడనొల్లక మేఫ్లవర్ అను ఓడపై 102 మంది ప్రయాణికులు బయలుదేరి, వర్జీనియాకు బహుదూరమున ఉత్తరముగా ప్లిమతు అను చోట దిగిరి. దిగుటకు ముందే వారిలో 41 మంది పురుషులు, తాము చేసికొన్న చట్టములకు తామే లోబడుదుమని ఓడలోనే ఒడంబడిక వ్రాసికొనిరి. తొలి చలికాలమున సగముమంది చనిపోయిరి. మిగిలినవారిని బ్రతికించినవాడు టిస్క్వాంటము అను ఆదివాసి. ఇతని కథ విచిత్రమైనది, దుఃఖకరమైనది. కొన్నియేండ్లకు ముందు ఒక ఆంగ్లేయ కప్తాను ఇతనిని మోసముతో పట్టుకొనిపోయి స్పెయినులో అమ్మజూచెను. ఎట్లో తప్పించుకొని, ఇంగ్లండు చేరి, ఆంగ్లభాష నేర్చి, తుదకు తన ఊరికి మరలి వచ్చునప్పటికి ఊరు లేదు. యూరపువారి ఓడలతో వచ్చిన అంటువ్యాధి తనవారినందరిని తుడిచిపెట్టినది. మేఫ్లవరువారు ఇండ్లు కట్టుకొన్నది ఆ పాడుపడిన ఊరి నేలపైననే. మొక్కజొన్న గింజతోపాటు చేపను పాతిపెట్టినచో పైరు బలముగా పెరుగునని వారికి నేర్పినవాడు ఆ ఊరి కడపటి మనుష్యుడు.

ఆ ప్రాంతపు వాంపనోగు తెగ నాయకుడు మససాయిటు 1621లో వలసవారితో సంధి చేసికొని తన జీవితకాలమంతయు దానిని నిలుపుకొనెను. ఆయన కుమారుని కాలమునకు వలసవారు వేలసంఖ్యలో పెరిగి భూములన్నియు ఆక్రమింపసాగిరి. 1675లో యుద్ధము పుట్టెను. మరుసటియేట ఆ కుమారుడు చంపబడెను. అతని భార్యయు కొడుకును చెఱబడిరి. పట్టుబడిన ఆదివాసులను అనేకులను ఓడలపై వెస్టిండియా దీవులకు పంపి బానిసలుగా అమ్మిరి. మతస్వేచ్ఛకై వచ్చినవారి పిల్లలు చేసిన పని ఇది.

1733లో జార్జియా ఏర్పడుటతో తూర్పుతీరమున ఆంగ్లేయ వలసరాజ్యములు పదమూడైనవి. ఉత్తరమున చిన్నచిన్న పొలములు, చేపలవేట, ఓడల నిర్మాణము జీవనాధారములు. దక్షిణమున పొగాకు, వరి, నీలిమందు పండించు పెద్ద పెద్ద కమతములు. తొలి దినములలో ఈ కమతములలో పనిచేసినవారు ఎక్కువగా ఇంగ్లండు నుండి వచ్చిన బీదలే. ఓడ ఖర్చునకు బదులుగా నాలుగైదు, ఒక్కొక్కప్పుడు ఏడేండ్లు వెట్టిచేసి, గడువు తీరగనే స్వతంత్రులగుచుండిరి. క్రమముగా వారి రాక తగ్గెను, ఆఫ్రికావారిని తెచ్చు ఓడలు పెరిగెను. బానిసత్వము అలవాటుగా మొదలై చట్టముగా స్థిరపడెను. 1662లో వర్జీనియా సభ చేసిన ఒక చట్టము ప్రకారము బిడ్డ యొక్క స్థితి తల్లి స్థితిని బట్టి యుండును. అనగా బానిసతల్లికి పుట్టిన బిడ్డ, తండ్రి యెవరైనను, పుట్టుకతోనే బానిస. 1619లో స్వపరిపాలనకై కూడిన సభయే ఈ చట్టమును చేసినదని గుర్తింపవలెను.

1756 మొదలు 1763 వఱకు ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని జరిగిన యుద్ధము అమెరికాతో ఆగలేదు. 1758 డిసెంబరులో గోదావరి మండలమున చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నోడించినదియు, మరుసటియేట బందరు కోట ఆంగ్లేయుల వశమైనదియు ఆ యుద్ధములోని భాగములే. అచ్చట కెనడాయు, ఇచ్చట తెలుగుతీరమును వారి చేతికి చిక్కినవి. ఇంగ్లండు గెలిచెను గాని అప్పులపాలయ్యెను. అప్పు తీర్చుటకు వలసరాజ్యములపై పన్నులు వేసిరి. 1765 నాటి స్టాంపు చట్టము దస్తావేజులకు, వార్తాపత్రికలకే గాక పేకముక్కలకు సయితము పన్ను కట్టించెను. పార్లమెంటులో తమ ప్రతినిధి యొక్కడును లేనప్పుడు తమపై పన్ను వేయు హక్కు దానికెక్కడిదని వలసవారు ప్రశ్నించిరి. చట్టము మరుసటియేడు రద్దయ్యెను గాని పోరు ఆగలేదు.

1773లో అప్పులలో మునిగియున్న ఈస్టిండియా కంపెనీని ఒడ్డెక్కించుటకై, దాని తేయాకును అమెరికాలో చౌకగా అమ్ముకొనుటకు పార్లమెంటు అనుమతించెను; పన్ను మాత్రము విడువలేదు. డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో కొందరు ఆదివాసుల వేషములు వేసికొని ఓడలెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రము పాలుచేసిరి. ఆ తేయాకు చీనాదేశపుది; దానిని అమ్మవచ్చిన కంపెనీ మాత్రము ఆనాటికి మన ఉత్తర సర్కారులలో శిస్తు రాబట్టుకొనుచున్న కంపెనీయే.

1775 ఏప్రిలులో తుపాకులు మ్రోగెను. 1776 జూలై 4వ తేదీన ఫిలడెల్ఫియాలో కూడిన కాంగ్రెసు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించెను. మనుష్యులందరు పుట్టుకచే సమానులనియు, జీవించుటకును, స్వేచ్ఛగా నుండుటకును వారికి ఎవ్వరును హరింపరాని హక్కు కలదనియు అందు ఉద్ఘోషించిరి. దానిని వ్రాసిన థామస్ జెఫర్సను తన జీవితకాలమున ఆరువందలమందికి పైగా బానిసలకు యజమాని. చిత్తుప్రతిలో బానిసల వర్తకమును ఖండించు భాగమొకటి ఆయన వ్రాసెను. దక్షిణపువారి తృప్తికై కాంగ్రెసు దానిని కొట్టివేసెను. సేనాపతియగు జార్జి వాషింగ్టనుకును బానిసలుండిరి. ఆయన మరణశాసనమున వారిని విడుదల చేయ నిర్ణయించెను. ఆ మాటలు వ్రాసినవారు వానిని అన్ని రంగులవారికి వర్తింపజేయలేదు. అయినను వ్రాసిన మాట వ్రాసినవాని చేతిలో నుండదు. ఆ ప్రకటనను చేతబట్టుకొనియే బానిసలు తమ హక్కును తరువాత అడిగిరి.

యుద్ధము ఎనిమిదేండ్లు సాగెను. ఫ్రెంచివారి సాయముతో 1781 అక్టోబరులో యార్కుటౌను వద్ద వాషింగ్టను విజయము సాధించెను. అచ్చట లొంగిపోయిన ఆంగ్లేయ సేనాని కార్న్‌వాలిసు. ఇతడే అయిదేండ్లకు గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత పైసలా విధానము నెలకొల్పెను. 1802 నుండి అది ఉత్తర సర్కారులకును వ్యాపించి తెలుగు జమీందారీలకు పునాదియయ్యెను.

1787 వేసవిలో క్రొత్తదేశపు రాజ్యాంగమును వ్రాయుటకు ప్రతినిధులు కూడిరి. అందు బానిస అను పదమెచ్చటను లేదు. కాని బానిసత్వము మూడుచోట్ల దాగియున్నది. ప్రతినిధి సభలో స్థానములు పంచునప్పుడు అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కింపవలెను. ఓటులేని బానిసల సంఖ్య ఈ విధముగా యజమానుల బలమును పెంచెను. బానిసల దిగుమతిని 1808 వఱకు నిషేధింపరాదు. పాఱిపోయిన బానిసను ఏ రాష్ట్రమున పట్టుబడినను యజమానికి అప్పగింపవలెను. ఉత్తరపు రాష్ట్రములు ఒక్కొక్కటిగా బానిసత్వమును విడనాడుచుండెను గావున, దక్షిణమునను అది దానంతటదియే అంతరించునని పలువురు తలచిరి.

ఆ తలంపును తారుమారు చేసినది ఒక చిన్న యంత్రము. అమెరికా లోతట్టు నేలలలో పండు పత్తికి గింజ గట్టిగా అంటుకొనియుండును. చేతితో గింజ తీసినచో దినమునకు ఒక మనిషి ఒక పౌను దూది తీయుట కష్టము. 1793లో ఈలై విట్నీ తయారుచేసిన యంత్రముతో యేబది పౌనులు తీయవచ్చును. ఇంగ్లండులో నూలు మిల్లులు అప్పుడే పెరుగుచుండెను. పత్తి బంగారమయ్యెను. 1790లో కొన్నివేల బేళ్ళుగా నున్న పంట 1860 నాటికి నలువది లక్షల బేళ్ళైనది. బానిసలు ఏడు లక్షలనుండి సుమారు నలువది లక్షలైరి. పని తగ్గించు యంత్రము దాస్యమును పెంచుట చరిత్రలోని వింతలలో నొకటి. గింజ తీయుట సులువైనది. పత్తి తీయుటకు మాత్రము మనుష్యుల వ్రేళ్ళే కావలెను. పాత పొగాకు రాష్ట్రముల నుండి క్రొత్త పత్తి రాష్ట్రములకు, ఈ కాలమున, సుమారు పది లక్షల బానిసలు తరలింపబడిరి. వారిలో భార్యను విడిచిన భర్తలు, తల్లిని విడిచిన బిడ్డలు ఎందరో!

పత్తికి నేలయు కావలసివచ్చెను. చెరోకీలను ఆదివాసులు జార్జియాలో స్థిరపడి, ఇండ్లు కట్టుకొని, రాజ్యాంగము వ్రాసికొని, పత్రిక నడుపుకొనుచుండిరి. సెక్వోయా అను చెరోకీ పండితుడు తన భాషకు ఎనుబదికి పైగా అక్షరములు కల్పించెను. మన గుణింతపు అక్షరము వలె అందలి గుర్తు ఒక్కొక్కటి ఒక పలుకును తెలుపును. ఇవేవియు వారిని కాపాడలేదు. 1830లో చేసిన చట్టమును పట్టుకొని, 1838లో సైనికులు పదునారువేల మందిని ఇండ్లనుండి వెడలగొట్టి పడమటికి నడిపించిరి. దారిలో సుమారు నాలుగువేలమంది చనిపోయిరి. దానికి కన్నీటిబాట అను పేరు నిలిచినది.

బానిసలకు చదువు చెప్పుట దక్షిణపు రాష్ట్రములు పెక్కింట నేరము. ఫ్రెడరిక్ డగ్లస్ కథ వలన దీని కారణము తెలియగలదు. ఇతడు మేరీలాండు రాష్ట్రమున 1818 ప్రాంతమున బానిసగా పుట్టెను. పుట్టినదినము తనకే తెలియదు. ఎనిమిదేండ్ల ప్రాయమున బాల్టిమోరు నగరమున ఒక ఇంటికి పంపబడెను. ఆ యింటి యిల్లాలు దయగలది. బైబిలు చదువుచు ఈ బాలునకు అక్షరములు నేర్పసాగెను. భర్త అది చూచి మాన్పించెను. చదువు వచ్చినచో బానిస బానిసగా నుండడనియు, వానికి తృప్తి నశించుననియు భార్యకు చెప్పెను. బాలుడు ఆ మాటలు వినుచు నిలుచుండెను. విడుదలకు దారి యేదియో తన యజమాని నోటనే అతనికి తెలిసినది. నాటి నుండి వీధిలోని బీద తెల్లపిల్లలకు తన వంతు రొట్టె యిచ్చి, ఒక్కొక్కరివద్ద కొన్ని అక్షరములు నేర్చుకొనెను. ఓడలు కట్టు చోట కలపపై వ్రాసిన గుర్తులను చూచి వ్రాత నేర్చెను. 1838లో నావికుని దుస్తులు ధరించి, ఎరవు తెచ్చుకొన్న కాగితములతో రైలెక్కి న్యూయార్కు చేరెను. తరువాత గొప్ప వక్తయై, 1845లో తన జీవితచరిత్ర ప్రకటించి, 1847లో పత్రిక స్థాపించెను. అంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండుట కల్లయని తొలుత కొందరు అనుమానించిరి. తన యజమాని పేరు, ఊరు పుస్తకమున వ్రాసి ఆయన వారికి జవాబు చెప్పెను. దానివలన తిరిగి పట్టుబడు ప్రమాదమున్నదని తెలిసియే వ్రాసెను.

పడమట చేరుచున్న క్రొత్త రాష్ట్రములలో బానిసత్వము ఉండవచ్చునా కూడదా అను తగవు 1820 మొదలు ఎన్నో రాజీలతో సాగి, ప్రతి రాజీతోను ముదిరెను. 1857లో సుప్రీము కోర్టు, డ్రెడ్ స్కాటు అను బానిస వేసిన దావాలో, నల్లవారు ఈ దేశపు పౌరులు కానేరరని తీర్పు చెప్పెను. 1860 నవంబరులో అబ్రహాము లింకను అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. బడిచదువు ఒక్క సంవత్సరమైనను నిండని, కట్టెలు కొట్టి పెరిగిన మనిషి. ఉన్నచోట బానిసత్వము జోలికి పోననియు, క్రొత్తచోట్లకు వ్యాపింపనీయననియు ఆయన చెప్పెను. ఆ మాత్రమునకే పదునొకండు దక్షిణ రాష్ట్రములు క్రమముగా సంయుక్త రాష్ట్రముల నుండి విడిపోయి వేరు ప్రభుత్వము పెట్టుకొనెను. రాష్ట్రముల హక్కులకై విడిపోతిమని తరువాత కొందరు వ్రాసిరి. కాని విడిపోవునాడు దక్షిణ కరొలైనాయు, మిసిసిపీయు ప్రకటించిన కారణములను చదివినచో బానిసత్వపు రక్షణయే అందు ముందు కనబడును. 1861 ఏప్రిలు 12వ తేదీన చార్లెస్టను రేవులోని సమ్టరు కోటపై ఫిరంగులు ప్రేలెను. అంతర్యుద్ధము ఆరంభమయ్యెను.

ఉత్తరపువారి నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధము చేసెను. ఇంగ్లండు మిల్లులకు వచ్చు దూదిలో ముప్పాతిక వంతు ఆ రేవులనుండి పోవునదే. మిల్లులు మూతపడి కూలీలు పస్తులుండిరి. వర్తకుల చూపు మన దేశముపై పడెను. గుంటూరు సీమ పత్తికి ఎన్నడులేని ధర వచ్చెను. ఆ పత్తి కాకినాడ రేవునుండి ఎగుమతియగుటచే అచ్చటి వర్తకము పెరిగినది. సీమలో దానికి కోకనాడా పత్తి యనియే పేరు. 1865లో యుద్ధము ముగియగనే ధర పడిపోయెను. ఎక్కడనో మిసిసిపీ ఒడ్డున జరిగిన పోరు కృష్ణ ఒడ్డున రైతు చేతిసంచిని నింపి, మరల ఖాళీచేసినది.

చార్లెస్టను రేవులోనే యుద్ధము రెండవయేట ఒక సాహసము జరిగినది. రాబర్టు స్మాల్స్ అను ఇరువదిమూడేండ్ల బానిస ప్లాంటర్ అను ఆవిరినావకు చుక్కాని పట్టువాడు. పండ్రెండవయేటనే యజమాని ఇతనిని పట్టణమున కూలికి పెట్టెను. కూలిడబ్బు యజమానికే చేరుచుండెడిది. 1862 మే 13వ తేదీన తెల్లవారుజామున, తెల్ల అధికారులు ముగ్గురును ఒడ్డున నిద్రించుచుండగా, స్మాల్స్ తోడి బానిసలతో నావను కదలించెను. సమీపపు రేవున దాగియున్న తన భార్యను, బిడ్డలను, మఱికొందరిని ఎక్కించుకొనెను. మొత్తము పదునారుగురు. కప్తాను గడ్డిటోపీని తలపై బెట్టుకొని, ఆయన వలెనే చేతులు కట్టుకొని నిలుచుండి, దారిలోని కోట యొక్కొక్కదానికి ఈలగుర్తు సరిగా నిచ్చుచు ముందుకు సాగెను. సమ్టరు కోట ఫిరంగుల క్రిందుగానే పోయెను. గుండు అందని దూరము చేరగనే జెండా దింపి, భార్య తెచ్చిన తెల్లదుప్పటి నెగురవేసెను. తుపాకులు గురిపెట్టిన ఉత్తరపు నౌక ఆ దుప్పటిని చూచి ఆగెను. నావలో ఫిరంగులుండెను, స్మాల్స్ తలలో దక్షిణపువారి రేవు రహస్యములుండెను. రెండవదే ఎక్కువ విలువగలదై తేలినది.

1863 జనవరి 1వ తేదీన లింకను తిరుగుబాటు రాష్ట్రములలోని బానిసలందరు స్వతంత్రులని ప్రకటించెను. ఉత్తరపు పక్షముననే నిలిచిన నాలుగు బానిస రాష్ట్రములకు ఈ ప్రకటన వర్తింపలేదు. అయినను యుద్ధపు స్వభావము మారినది. సుమారు 1,80,000 మంది నల్లవారు ఉత్తరపు సైన్యమున చేరిరి. తెల్లసిపాయికి నెలకు 13 డాలర్లు. వీరికి దుస్తుల క్రింద కోత పోగా 7 డాలర్లు. మసాచుసెట్సు 54వ పటాలము ఈ తక్కువ జీతమును ముట్టనొల్లక, జీతము లేకయే పోరాడెను. 1864లో కాంగ్రెసు సమాన జీతము మంజూరు చేసెను. 1865 ఏప్రిలు 9వ తేదీన దక్షిణ సేనాని లీ, ఉత్తర సేనాని గ్రాంటునకు లొంగిపోయెను. అయిదవనాటి రాత్రి నాటకశాలలో లింకనును దక్షిణ పక్షపాతియగు ఒక నటుడు తుపాకితో కాల్చెను; మరునాటి ఉదయము ఆయన మరణించెను. నాలుగేండ్లలో రెండుపక్షముల చనిపోయిన సైనికులు ఆరులక్షలకు తక్కువ లేరు. ఆ డిసెంబరులో రాజ్యాంగపు పదమూడవ సవరణ బానిసత్వమును దేశమంతట రద్దుచేసెను.

విడుదలయైనవారు మొదట చేసిన పనులు రెండు. అమ్ముడుపోయిన తమవారిని వెదకుట ఒకటి. తల్లి పేరు, తోబుట్టువుల పేర్లు, కడసారి చూచిన ఊరు తెలుపుచు వార్తాపత్రికలలో ప్రకటనలు వేయించిరి. కొందరి ప్రకటనలు ఏండ్ల తరబడి వెలువడెను. రెండవది చదువు. ఒకే బల్లపై తాతయు మనుమడును కూర్చుండి అక్షరములు దిద్దిరి. 1868లో చేసిన పదునాలుగవ సవరణ అమెరికాలో పుట్టినవారికి పౌరసత్వమును, 1870లో చేసిన పదునైదవ సవరణ జాతివర్ణ భేదము లేక పురుషులకు ఓటును ఇచ్చినవి. ఆ యేడే మిసిసిపీ నుండి హైరము రెవెల్స్ అను నల్లవాడు సెనేటు సభ్యుడయ్యెను. ఈ మార్పులను దూరమునుండి చూచినవారిలో పుణె నగరపు జోతిరావు ఫూలే ఒకరు. 1873లో ప్రకటించిన తన గులామ్‌గిరి గ్రంథమును ఆయన, బానిసల విడుదలకై పాటుపడిన అమెరికా సజ్జనులకు అంకితము చేసెను.

కాని నేల చేతులు మారలేదు. సముద్రతీరపు భూములను కుటుంబమునకు నలువది ఎకరముల చొప్పున పంచుటకు 1865 జనవరిలో సేనాని షెర్మను ఆజ్ఞ వెలువడెను. లింకను తరువాత అధ్యక్షుడైన జాన్సను, ఆ యేటనే ఆ భూములలో అధికభాగమును పాత యజమానులకు మరలించెను. నాగలిలేని, నేలలేని స్వతంత్రుడు పాత దొర పొలమునే పాలికి చేసి, పంట రాకమునుపే అప్పులో చిక్కుకొనెను. తెల్లముసుగులు ధరించి రాత్రులందు తిరుగు క్లూక్లక్స్ క్లాన్ ముఠాలు ఓటువేసినవారిని కొట్టిరి, చంపిరి, బడులను తగులబెట్టిరి. 1877లో ఒక ఎన్నికల తగవు తీర్చుకొనుటలో భాగముగా ఉత్తరపు నాయకులు దక్షిణమునుండి సైన్యపు రక్షణను ఉపసంహరించిరి. పండ్రెండేండ్ల పునర్నిర్మాణము అంతటితో ఆగినది.

రాబర్టు స్మాల్స్ ఈ ఎత్తుపల్లములన్నియు చూచెను. తాను బానిసగా పుట్టిన బోఫర్టు పట్టణములోని యజమాని ఇల్లు, పన్ను బకాయికై వేలమునకు రాగా దానిని కొనెను. 1868లో దక్షిణ కరొలైనా రాజ్యాంగసభ సభ్యుడై, పిల్లలందరికి జీతములేని ప్రభుత్వ పాఠశాలలుండవలెనని వాదించి నెగ్గెను. 1874లో కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. 1895లో అదే రాష్ట్రము నల్లవారి ఓటును తీసివేయుటకు మఱొక రాజ్యాంగసభను కూర్చెను. అక్షరపరీక్షయు, ఆస్తి నియమమును పెట్టి, మాట పైకి అనకయే పని జరిపించుకొనుట వారి యెత్తు. ఆ సభలో నల్లవారు ఆరుగురే. స్మాల్స్ వారిలో నొకడు. వాదించెను, ఓడెను. ఆ రాజ్యాంగముపై సంతకము చేయుటకు నిరాకరించి ఇంటికి పోయెను. 1915లో ఆ యింటనే మరణించెను. ఆ రాష్ట్రపు నల్లవారి ఓటునకు కేంద్రచట్టపు రక్షణ 1965లో లభించినది.